తాత పేరు మీద వచ్చిన వీసా

పదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మస్కట్‌లో ఉన్నన్నాళ్ళు పని మధ్యలో కాస్త మరిచిపోయేవాణ్ని. సెలవు మీద వచ్చి వరంగల్ స్టేషన్‌లో కాలు పెట్టానో లేదో, మళ్ళీ అక్కడే తగిలేది. ఇవాళ దాన్ని కాగితం మీద పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళయితే ఈ పాటికి మధ్యలో ఆపి సగం నిజంతో సరిపెట్టేవాణ్ని.

భయం కొంత, సంతోషం ఎక్కువ. అవును, సంతోషమే! తప్పు ఒప్పుకునేవాడు తల వంచుకుని ఏడవాలి కదా? నాకేమో కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు వాక్యాలు రాస్తాను, లేచి గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి చూసి వస్తాను. సాయంత్రం నాలుగింటికి ఒక మనిషి మా ఇంటికి రావాలి. ఆ మనిషి వచ్చేలోపు ఇది పూర్తి చెయ్యాలి.

సూటిగా చెప్తాను. మా పెద్దనాయిన కొడుక్కి వచ్చిన వీసా మీద నేను మస్కట్ వెళ్ళాను.

చూశారా, 'వెళ్ళాను' అని రాశాను. దొంగిలించాను అని రాయాలి. దొంగిలించాను.

అదెలా సాధ్యం, ఒకడి వీసా మీద ఇంకొకడు ఎలా వెళ్తాడు అని మీరు అడుగుతారు. మా ఇంట్లో అది సాధ్యమే. ఎందుకంటే మా ఇద్దరిదీ ఒకటే పేరు. ఇంటిపేరు ఒకటే, పెట్టిన పేరూ ఒకటే. మా తాత పోయిన ఏడాదే నాలుగు నెలల తేడాతో మేమిద్దరం పుట్టాం. తండ్రి పేరు నా కొడుక్కంటే నా కొడుక్కని అన్నదమ్ములిద్దరూ పట్టుబట్టారట. ఎవరూ తగ్గలేదు. ఇద్దరికీ అదే పేరు పెట్టి ఊరుకున్నారు. మా అమ్మా, పెద్దమ్మా ఆ పేరు నోటితో పలకరు. మామ పేరు కోడళ్ళు ఎలా పలుకుతారు? కన్నకొడుకును పిలవాలన్నా వాళ్ళకు ఆ పేరు అడ్డమే. అందుకని వాణ్ని పెద్దోడు అన్నారు, నన్ను చిన్నోడు అన్నారు. వాడ మొత్తం అలాగే పిలిచింది. అసలు పేరు రేషన్ కార్డులో, బడి రిజిస్టరులో పడి ఉండేది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మా కొత్తవాడలో చిన్నపిల్లవాడు కూడా గుర్తుపడతాడు.

మాది మగ్గాల కుటుంబం. జంపఖానాలు నేస్తాం. నేను పదో తరగతి దాకా చదివాను. పెద్దోడు బడికి పోలేదు. తొమ్మిదో ఏట గుంటమగ్గంలో కాళ్ళు పెట్టాడు, అంతే. వాడి నేత చూస్తే ముసలివాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. అంచు గీత గీసినట్టు వచ్చేది, రంగు మీద రంగు ఎక్కడ కలిసిందో వేలు పెట్టి చూసినా దొరికేది కాదు. తాత పేరు ఇద్దరికీ వచ్చింది, తాత చెయ్యి మాత్రం పెద్దోడికే వచ్చింది అని మా వాడలో అనేవాళ్ళు. నవ్వుతూనే అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ని. లోపల ఏమనిపించేదో ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోలేదు. అసూయ. ఇంకేమిటి?

డెబ్బైల చివర సంగతి ఇది. అప్పుడు మా వైపు ఎవరి నోట విన్నా మస్కట్, దుబాయి. తొర్రూరు నుంచి రాజన్న అని ఒకాయన వచ్చి మా దగ్గర జంపఖానాలు కొని అంగళ్ళలో అమ్మేవాడు. ఆయన ఉన్నట్టుండి మస్కట్ వెళ్ళిపోయాడు. తివాచీల దుకాణంలో పని. ఏడాదికి సెలవు మీద వచ్చి, 'ఒక మంచి ముక్క నేసియ్యి, మా అర్బాబుకు చూపిస్త' అని పెద్దోణ్ని అడిగాడు. అర్బాబు అంటే అక్కడ యజమాని.

పెద్దోడు ఇరవై రోజులు కూర్చుని నేశాడు. మా సరుకంతా దుకాణాల ముద్రతోనే బయటికి పోయేది. నేసినవాడి పేరు ఎవడికీ అక్కర్లేదు. ఈ ఒక్కదాని మీద తన పేరు ఉండాలని వాడికి కోరిక పుట్టింది. వాడికి రాయడం రాదు. నేను గళ్ళ కాగితం తెచ్చి, ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్కన అక్షరాలు గీసి ఇచ్చాను. మన అక్షరాలన్నీ గుండ్రం, నేతలో పేక పోగులన్నీ అడ్డం. ఆ సున్నాలను మెట్లు మెట్లుగా పట్టించడానికి ఇద్దరం పడ్డ తిప్పలు ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. మూలలో ఎర్ర మీద తెల్లగా మా పేరు పడింది. వాడు దాన్ని వేలితో తడిమి తడిమి చూసుకున్నాడు. అవే వాడు చదవగలిగిన అక్షరాలు. ఇప్పటికీ వేరేవి రావు.

రాజన్న దాన్ని తీసుకెళ్ళాడు. పాస్‌పోర్టులు చేయించి పెట్టుకోండి అని చెప్పి మరీ వెళ్ళాడు. ఇక చూడండి మా హడావుడి! హనుమకొండలో ఫోటో స్టూడియోకి పోతే అక్కడ ఒకటే కోటు. ముందు వాడికి తొడిగి తీశారు, విప్పి నాకు తొడిగి తీశారు. అదే కోటు, అదే టై, అదే పేరు. ఫారాలు రెండూ నేనే నింపాను. దవాఖానలో డాక్టరు ధ్రువీకరణ సంతకం పెడుతూ రెండో ఫారం దగ్గర ఆగి, ఇది ఇందాక పెట్టాను కదా అన్నాడు. విచారణకు వచ్చిన పోలీసు జవాను అయితే ఒక్కడే రెండు పాస్‌పోర్టులకు పెట్టాడని కేసు చేస్తానన్నాడు. మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఒకసారి వాణ్ని, ఒకసారి నన్ను చూసి, చివరికి తండ్రి పేర్లు అడిగి రాసుకున్నాడు. అప్పుడు శాంతించాడు. ఆయన పోయాక పెద్దోడూ నేనూ కడుపుబ్బ నవ్వుకున్నాం. మమ్మల్ని వేరు చేసేది తండ్రి పేరు ఒక్కటే అని ఆ రోజు నాకు బాగా తెలిసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పాస్‌పోర్టులు వచ్చాయి. నాలుగు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ వీధి మొదట్లో ఆ పేరు పెట్టి కేకేశాడు. నేను సైకిలు ఆపి, నేనే అన్నాను. అబద్ధం కాదు కదా! అక్కడే, సైకిలు మీద ఒక కాలు ఉండగానే విప్పాను. రాజన్న రాశాడు. అర్బాబు నీ జంపఖానా చూసి గోడకు కట్టించుకున్నాడు, ఈ చెయ్యి నాకు కావాలి అన్నాడు, పాస్‌పోర్టు నంబరు, రెండు ఫోటోలు వెంటనే పంపు, వీసా కాగితం తీయిస్తాను.

ముందు నిజంగా వాడి కోసమే సంతోషపడ్డాను. నమ్మండి. సైకిలు తిప్పి వాడింటి వైపు తొక్కాను కూడా. సగం దారిలో కాళ్ళు మెల్లగా ఆగిపోయాయి. ఉత్తరం మీద ఉన్నది నా పేరు. నంబరు ఏది పంపితే వీసా దానికే వస్తుంది. ఈ రెండు మాటలూ నా తలలో పక్కపక్కన నిలబడ్డాయి, మేమిద్దరం జవాను ముందు నిలబడ్డట్టే. నాకు ఇరవై నాలుగేళ్ళు. పదో తరగతి పాసై, మగ్గం సరిగ్గా రాక, ఉద్యోగం దొరక్క, నాయిన ముఖం చూడలేక తిరుగుతున్నాను. పెద్దోడికి చెయ్యి ఉంది, ఎక్కడైనా బతుకుతాడు అనుకున్నాను. నాకేముంది? పేరొక్కటే కదా, దాన్నయినా వాడుకోకూడదా? ఎంత తొందరగా సర్దిచెప్పుకున్నానో చూడండి. పోస్టాఫీసు చేరేసరికి నేను చేస్తున్నది న్యాయమే అనిపించింది.

రాజన్నకు జవాబు రాశాను. పెద్దోడు రానంటున్నాడు, వాళ్ళమ్మ పంపనని పట్టు పట్టింది, నా పేరూ అదే కాబట్టి అర్బాబుకు మనిషి మారాడని చెప్పాల్సిన పనిలేదు, నా నంబరూ ఫోటోలూ పంపుతున్నాను. పెద్దమ్మకు ఆ ఉత్తరం వచ్చిన సంగతే తెలియదు. ఆమె నోట్లో నేను పెట్టిన మాట అది.

నలభై రోజులకు కాగితం వచ్చింది. అప్పుడు దాన్ని ఎన్నోసీ అనేవాళ్ళం. ఈ మనిషి వచ్చి పని చేసుకోవడానికి అభ్యంతరం లేదని ఆ దేశం ఇచ్చే కాగితం. ఇంగ్లీషు, అరబ్బీ, మధ్యలో మా తాత పేరు! మా వాడ మొత్తం దాన్ని చూడ్డానికి వచ్చింది. ఒకరు కళ్ళకద్దుకున్నారు, ఒకరు వెలుతురుకు పెట్టి చూశారు. నేను గాల్లో తేలుతున్నాను. ఆ సందడిలోనే తప్పించుకుందామనుకున్నాను గానీ, పెద్దోడి దగ్గరికి నేనే వెళ్ళి చెప్పక తప్పలేదు. వాడు మగ్గం మీద ఉన్నాడు. అప్పుడు మా మధ్య నడిచిన మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"ఎవల పేరు అచ్చిందిరా?" అన్నాడు.

"మన పేరే అచ్చింది."

"థూ నీ... గది నాకెర్కలేదా! నీదా, నాదా?"

"నాది."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. వాడు పోగుల మీద చెయ్యి పెట్టి తలెత్తాడు. "మరి నా జంపఖానా గురించి ఏమన్న రాసిండా రాజన్న?"

"ఏం రాయలే. నాది దుకాణంల పని. వేరే."

అంతే. తర్వాత గుంటలోంచి ఒక్క గంతులో బయటికి వచ్చాడు, నన్ను నడుము పట్టుకుని ఎత్తాడు.

"అయితేందిరా! ఎవలు పోతేంది, తాత పేరు ఇమానమెక్కుతాంది! అమ్మా, ఇంటున్నవా, తాత ఇమానమెక్కుతాండే!"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా మామకు గా ఎడారిల ఏం పనిరా, జర పైలంగ పోయి రమ్మను" అంది. ఇల్లంతా నవ్వు. నేనూ నవ్వాను. ఆ నవ్వు చప్పుడు ఇన్నేళ్ళు నా వెంట వచ్చింది.

బొంబాయి వెళ్ళే రోజు నా పెట్టె స్టేషన్ దాకా మోసింది వాడే. ఫోటోకి వేసుకున్న కోటు గురించి ఎగతాళి చేస్తూ, నన్ను నవ్విస్తూ మోశాడు. రైలు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు. బొంబాయిలో ఎమిగ్రేషన్ కిటికీ దగ్గర పేరు అడిగారు, చెప్పాను. తండ్రి పేరు అడిగారు, మా నాయిన పేరే చెప్పాను. పని అడిగారు. నేత అన్నాను. ముద్ర పడింది. అన్నీ చట్టప్రకారమే! ఎవరూ నన్ను ఆపలేదు. విమానం లేచినప్పుడు నాకు దుఃఖం రాలేదు. అది మీకు చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఈలవేయాలన్నంత హుషారుగా ఉన్నాను.

మస్కట్‌లో దుకాణం గోడ మీద ఆ జంపఖానా వేలాడుతోంది. అర్బాబు నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టాడు. వారం కష్టపడి మూరెడు నేశాను. ఆయన దాన్ని ఒకచేత్తో, గోడమీది దాన్ని ఒకచేత్తో తడిమాడు. మర్నాటి నుంచి నన్ను పాత తివాచీల చిరుగులు కుట్టే పనిలో పెట్టాడు. రాజన్న ఏడాది తిరక్కుండానే వేరే దేశానికి మారిపోయాడు, మళ్ళీ కలవలేదు. నేను కుట్టుపని నేర్చుకున్నాను, అమ్మకం నేర్చుకున్నాను, అరబ్బీ నేర్చుకున్నాను. ఇల్లు కట్టాను. సెలవుకు వచ్చినప్పుడల్లా పెద్దోడికి గడియారమో టార్చిలైటో తెచ్చేవాణ్ని. వాడు వాడ మొత్తం తిరిగి చూపించుకునేవాడు. అదే గుంటమగ్గం, అదే దుకాణం ముద్ర. సొంత షెడ్డు వేసుకోవాలని, నలుగురికి నేర్పాలని అప్పట్లో తెగ చెప్పేవాడు. ఇప్పుడు చెప్పడు.

ఈసారి సెలవుకు బయలుదేరుతుంటే అర్బాబు పిలిచాడు. గోడ మీది జంపఖానా దింపించి, చుట్టి, నా చేతిలో పెట్టాడు. కొత్త పెద్ద దుకాణం పెడుతున్నాడు. ఇది నేసిన మనిషి బతికే ఉంటే తీసుకురా, వీసా సిద్ధంగా ఉంది, అన్నాడు. నా ముఖం చూసి, నాకు మొదటి వారంలోనే తెలుసు అన్నాడు. కోపంగా కూడా అనలేదు. టీ తాగుతూ అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించాలి. అనిపించింది, అర నిమిషం. వెంటనే, దేవుడా, పెద్దోడు వస్తాడు! అనిపించింది. విమానంలో కూర్చున్నంతసేపూ అదే మాట.

వచ్చి నలభై రోజులైంది. జంపఖానా బీరువా మీద చుట్టి ఉంది. వీసా సంగతి మాత్రం పెద్దోడికి చెప్పాను, అర్బాబు నేతగాణ్ని అడిగాడు, నీ పేరు చెప్పాను అన్నాను. చూశారా, అందులోనూ నాకే ఒక మెప్పు మిగుల్చుకున్నాను! వాడు నమ్మాడు. ముప్పై అయిదు దగ్గర పడుతున్న మనిషి, ఇంట్లో చిందులేశాడట. నిన్న కొత్త పాస్‌పోర్టు ఫారం నింపడానికి పాత పాస్‌పోర్టు తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవరులో, దాని మీద పసుపు గుడ్డలో చుట్టి తెచ్చాడు. విప్పాను. మొదటి పేజీలో ఆ కోటు, ఆ టై, వాడి ఇరవై నాలుగేళ్ళ ముఖం. తర్వాత పేజీ తిప్పాను. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. చివరి దాకా తిప్పాను. ఒక్క ముద్ర లేదు. గడువు ఎప్పుడో తీరిపోయింది. "మంచిగ దాసిన కదరా, ఒక్క మరక పడనియ్యలే" అన్నాడు వాడు గర్వంగా. అందుకే ఇవాళ రాస్తున్నాను.

ఇక్కడితో ఆపితే మీరు నన్ను కొంచెం క్షమిస్తారు. పేరు ఒకటే కావడం వల్ల జరిగింది, కుర్రతనం, అవకాశం అలా వచ్చిపడింది అంటారు. నేనూ పదేళ్ళు నాకదే చెప్పుకున్నాను. కానీ ఇంతదాకా మీకు ఒకటి దాచాను. జంపఖానా మూలలో ఒక వరుస లేదు, రెండున్నాయి. పేరు పడ్డాక పెద్దోడు తృప్తిపడలేదు. ఈ పేరు నీది కూడా కదరా, అక్కడ ఎవడైనా నువ్వనుకుంటే ఎట్ల, కింద మా నాయిన పేరు కూడా రాయి, అన్నాడు. గళ్ళ కాగితం మీద పెద్దనాయిన పేరు నేనే గీసి ఇచ్చాను. నా చేత్తో. వాడు దాన్ని కూడా నేశాడు. కాబట్టి ఆ వీసా ఎవరిదో తెలియక పోవడానికి నాకు ఏ సందూ లేదు. చదువు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అక్కడ అర్బాబుకు మన అక్షరాలు రావు, ఇక్కడ పెద్దోడికి ఉత్తరం చదవడం రాదు. ఆ మధ్యలో నిలబడి, రెండో వరుస లేనట్టు నటించాను. ఇదీ నా తప్పు. ఇదే.

రాసేశాను! ఊపిరి ఎంత తేలిగ్గా ఆడుతోందో! క్షమాపణ దొరికినట్టు కాదు. దాన్ని ఇవ్వాల్సినవాడు మీరు కాదు, వాడు ఇస్తాడని నాకు నమ్మకమూ లేదు. ఇది తెలిశాక ఫారం మీద వేలిముద్ర వేస్తాడో, చింపి నా ముఖాన కొడతాడో. నా చేతుల మీదుగా వచ్చిన వీసా మీద మస్కట్ రానంటాడేమో. పెద్దమ్మకు ఏం చెప్పాలి? వాడలో తలెత్తుకుని ఎలా నడవాలి? నాకు తెలియదు.

మధ్యాహ్నం బీరువా మీది నుంచి జంపఖానా దించాను. ముందు గదిలో పరిచాను. అక్షరాలున్న మూల గుమ్మం వైపు ఉండేలా రెండుసార్లు తిప్పి పరిచాను. చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడి కళ్ళు నేరుగా దాని మీదే పడతాయి. మస్కట్‌లో గోడ మీద పదేళ్ళు వేలాడినా రంగు చెక్కుచెదరలేదు. లోకంలో వాడు చదవగలిగిన రెండే రెండు వరుసలు అవి. తన పేరు చదువుతాడు. కింద వాళ్ళ నాయిన పేరు చదువుతాడు. ఇది నీ దగ్గరికెట్ల వచ్చిందిరా అని అడుగుతాడు. ఫారం బల్ల మీద ఉంది, తండ్రి పేరు దగ్గర ఈసారి పెద్దనాయిన పేరు రాసి పెట్టాను.

వీధి మలుపులో సైకిలు బెల్లు. వాడిదే, రెండుసార్లు కొట్టి ఆపుతాడు. జంపఖానా చుట్టి లోపల పెట్టడానికి ఇంకా సమయముంది. గోడకు సైకిలు ఆనించిన చప్పుడు. "చిన్నోడా, ఇంట్ల ఉన్నవారా?" అంటున్నాడు.

ఉన్నాను. చుట్టలేదు.